లాటినోలు ఊరి రాజకీయంలో నాయకుల్ని ఎలా తయారు చేసుకుంటున్నారు? ఇర్వింగ్, శాన్ ఆంటోనియో, వ్యాలీ వాళ్లు చెప్పండి

ఇర్వింగ్ శ్రీను
ఇది రాజకీయాల సెక్షన్లో పెట్టాలో డాలస్ సెక్షన్లో పెట్టాలో తెలియలేదు, మోడరేటర్ గారూ, అవసరమైతే మార్చండి.

2020 జనాభా లెక్కల్లో టెక్సస్‌లో లాటినోలు (మెక్సికో లాంటి లాటిన్ అమెరికా దేశాల మూలాలున్నవాళ్లు, హిస్పానిక్‌లు అని కూడా అంటారు) 39.3 శాతం, హిస్పానిక్ కాని తెల్లవాళ్లు 39.7 శాతం. ఇంచుమించు సమానం. డాలస్ పక్కనున్న మా ఇర్వింగ్‌లో పది మందిలో నలుగురు వాళ్లే. కానీ సిటీ కౌన్సిల్ (ఊరిని నడిపే సభ) మీటింగ్‌కి వెళ్లి చూస్తే మైకు దగ్గర ఆ నలుగురూ కనపడరు. సొంతిళ్ల వాళ్లు పక్కింటి చెట్టు కొమ్మ గురించి కూడా వచ్చి మాట్లాడతారు, అపార్ట్‌మెంట్లలో ఉండే వాళ్ల గోడు చెప్పే దిక్కు లేదు.

ఈ మధ్య మావాడి స్కూల్ దగ్గర కొందరు తల్లులు గ్రూపు కట్టారు. పిల్లలు రోడ్డు దాటే చోట సిగ్నల్ కావాలని అడుగుతున్నారు. వాళ్ల పద్ధతి చూస్తే వెనక ఎవరో గట్టిగా ట్రైనింగ్ ఇస్తున్నట్టే ఉంది. ఇలాంటి గ్రూపులు ఎక్కడ మొదలయ్యాయి, ఎలా నడుస్తాయి, నిజంగా పనులవుతాయా లేక ఫోటోల వరకేనా? చాలా ఏళ్లుగా ఇక్కడున్నవాళ్లు చెప్పండి. "వాళ్లకి ఓటెయ్యడమే చేతకాదు" లాంటి కామెంట్లు మాత్రం వద్దు, వాట్సాప్‌లో కావలసినన్ని చదివాను.

కరీంనగర్ కుర్రోడు
వద్దన్నవు కాబట్టి ఆ మాట అననులే అన్నా. కానీ లెక్క లెక్కే కదా. 39 శాతం జనం అంటే 39 శాతం ఓట్లు కాదు. అందులో పద్దెనిమిదేళ్లు నిండనోళ్లు ఎక్కువ, సిటిజన్లు కానోళ్లు ఎక్కువ. సిటిజన్‌షిప్‌కి గ్రీన్ కార్డు వచ్చినాక ఐదేళ్లు ఆగాలె, ఆన్‌లైన్‌ల అప్లై చేసినా ఫీజు 710 డాలర్లు, ఇంట్ల నలుగురుంటే ఎవరు ముందు, ఎవరు తర్వాత అని కొట్లాటే. ఆపైన సిటీ ఎన్నిక మే నెల మొదటి శనివారం. చాలా ఊళ్లల్ల పది శాతం కూడా పోలవ్వది. రెండు పనులు చేసేటోడు శనివారం డ్యూటీల ఉంటడు గానీ కౌన్సిల్ మెంబర్ ఎవరో ఎట్ల తెలుస్తది.

లా పాయింట్
ఫీజు విషయంలో చిన్న సవరణ. ఆదాయం తక్కువున్న కుటుంబాలకి అది 380కి తగ్గుతుంది, ఇంకా తక్కువుంటే పూర్తిగా మాఫీకి కూడా అడగొచ్చు. ఈ సంగతి తెలియకే చాలామంది ఆగిపోతారు. మే ఎన్నికకి ఎర్లీ ఓటింగ్ కూడా ఉంది, శనివారం ఒక్కటే కాదు.

ఇర్వింగ్ విషయానికొస్తే, శ్రీను గారూ, మీ ఊరి కథ కోర్టులో తేలింది. ఒకప్పుడు కౌన్సిల్ సీట్లన్నిటికీ ఊరంతా ఓటేసేది. దక్షిణాన లాటినోలంతా కట్టగట్టుకుని ఒకరికే వేసినా, మిగతా ఊరి ఓట్లలో ఆ మనిషి కొట్టుకుపోతాడు. మాన్యుయెల్ బెనవిదెస్ అనే ఇర్వింగ్ పౌరుడు కేసు వేస్తే, ఈ పద్ధతి ఓటింగ్ హక్కుల చట్టానికి విరుద్ధమని 2009లో ఫెడరల్ కోర్టు చెప్పింది. ఇప్పుడు మీకున్న ఆరు డిస్ట్రిక్టులు (ఒక్కో ప్రాంతం తన మెంబర్ని తనే ఎన్నుకుంటుంది), ఊరంతా ఓటేసే రెండు సీట్లు, మేయరు అనే ఏర్పాటు ఆ తర్వాత వచ్చిందే.

పక్కనున్న ఫార్మర్స్ బ్రాంచ్ సంగతి ఇంకా ఘాటు. కాగితాలు లేనివాళ్లకి ఇళ్లు అద్దెకివ్వకూడదని 2006లో అక్కడ ఆర్డినెన్స్ చేశారు. ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగి, చివరికి అది అమలు కాకుండానే పోయింది. ఈలోగా అక్కడి ఓటర్లే ఎన్నికల పద్ధతి మీద వేరే కేసు వేసి 2012లో గెలిచారు. 2013లో ఆనా రేయెస్ కౌన్సిల్‌కి ఎన్నికయ్యారు, ఆ ఊరి కౌన్సిల్లో మొదటి లాటినా ఆవిడే. మనవాళ్లు బిర్యానీ తినడానికి వెళ్లే రోడ్లకి కూతవేటు దూరంలో జరిగిన సంగతి ఇది.

వాషింగ్టన్ రాష్ట్రంలో యాకిమా అని యాపిల్ తోటల ఊరుంది. జనంలో 40 శాతం లాటినోలు, అయినా అక్కడి పాత ఎన్నికల పద్ధతిలో నాలుగు దశాబ్దాలకు దగ్గరగా ఒక్క లాటినో కూడా కౌన్సిల్‌కి గెలవలేదు. 2014లో కోర్టు డిస్ట్రిక్టులు పెట్టమంది. 2015లో ఒకేసారి ముగ్గురు లాటినా మహిళలు గెలిచారు. జనం మారలేదు, గీతలు మారాయి. కాబట్టి నన్నడిగితే ముందు ఎన్నికల పద్ధతి చూడాలి, ట్రైనింగులు తర్వాత.

కరీంనగర్ కుర్రోడు
గంతే. కేసు గెలిస్తే కథ ఖతం.

శాన్ ఆంటోనియో పద్మ
ఖతం కాదు నాయనా. ఇర్వింగ్‌లో డిస్ట్రిక్టులొచ్చి ఇన్నేళ్లయినా మైకు దగ్గర ఎవరూ కనపడటం లేదని శ్రీను మొదటి పోస్టులోనే రాశాడుగా. లా పాయింట్ గారి మాట సగం ఒప్పుకుంటాను, మిగతా సగానికి మా ఊరి సంగతి చెప్తాను. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

ఇక్కడ వెస్ట్ సైడ్ అంతా మెక్సికన్ అమెరికన్ల ప్రాంతం. ఒకప్పుడు గట్టి వాన పడితే వీధులే కాలువలు. డ్రైనేజీ పనులు దశాబ్దాలుగా కాగితం మీదే ఉండేవి, డబ్బు మాత్రం ఉత్తరాన కొత్తగా లేచే కాలనీలకు పోయేది. 1974లో ఎర్నెస్టో కోర్టెస్ అనే ఈ ఊరివాడే, చికాగోలో పేదల్ని కూడగట్టడానికి సాల్ అలిన్‌స్కీ మొదలుపెట్టిన సంస్థలో శిక్షణ తీసుకుని తిరిగొచ్చి, వెస్ట్ సైడ్ క్యాథలిక్ చర్చిల చుట్టూ తిరిగాడు. ఉపన్యాసాలు ఇవ్వలేదు. ఒక్కొక్కళ్లతో విడివిడిగా కూర్చుని, మీ కడుపు మండేది దేనికి, మీ ఇంటి ముందు ఏది మారాలి అని అడిగాడు, విన్నాడు, రాసుకున్నాడు. ఆయన వెతికింది ఉపన్యాసకుల్ని కాదు. చర్చి జాతరకి వందమంది వంటవాళ్లని పోగెయ్యగలిగే ఆవిడని, స్కూల్లో తల్లిదండ్రుల సంఘం (పీటీఏ) లెక్కలు చూసే ఆవిడని, ఏ ఇంట్లో చావు జరిగినా ముందు వెళ్లి నిలబడే మనిషిని. అలా పుట్టిందే కాప్స్ (COPS) అనే సంస్థ. మొదటి ప్రెసిడెంట్ ఆండ్రెస్ సరాబియా, ఆయన తర్వాత బియాట్రిస్ గయెగోస్ అనే గృహిణి. ఆ తర్వాత కూడా చాలావరకు ఆడవాళ్లే నడిపించారు.

వీళ్లు "వివక్ష పోవాలి" అని అడగలేదు. ఫలానా వీధిలో ఫలానా డ్రెయిన్ ఎప్పుడు తవ్వుతారు, తేదీ చెప్పండి అని అడిగారు. వందలమంది హాల్లో కూర్చుని ఉండగా మేయరు చెప్పక తప్పలేదు. ఆ ఏడాదే డ్రైనేజీ కోసం 4 కోట్ల 60 లక్షల డాలర్ల పైచిలుకు బాండ్లకి ఓటర్లు ఒప్పుకున్నారు. మరుసటి ఏడు, వ్యాపారపెద్దలు మాట వినట్లేదని, జోస్కీస్ అనే పెద్ద బట్టల దుకాణానికి గుంపుగా వెళ్లి ఒక్కటీ కొనకుండా రోజంతా కోట్లు తొడిగి చూసుకుంటూ ఉండిపోయారు. ఇంకో రోజు ఫ్రాస్ట్ బ్యాంకులో వరసలో నిలబడి డాలర్లిచ్చి పెన్నీలు, పెన్నీలిచ్చి డాలర్లు మార్చుకున్నారు. చట్టం దాటలేదు, గాజు కూడా పగల్లేదు, బ్యాంకు మాత్రం స్తంభించిపోయింది.

ఇప్పుడు గీతల సంగతి. 1977లో ఇక్కడ కూడా డిస్ట్రిక్టుల పద్ధతి వచ్చింది. కేంద్ర న్యాయశాఖ ఒత్తిడి ఉంది, నిజమే, కానీ ఊళ్లో ఓటు పెట్టినప్పుడు అది అతి తక్కువ తేడాతో గట్టెక్కింది. ఇంటింటికీ తిరిగి ఆ ఓట్లు తెచ్చింది మూడేళ్లు డ్రెయిన్ల మీద పోట్లాడి ఆరితేరిన ఈ మనుషులే. 1981లో హెన్రీ సిస్నెరోస్ మేయరయ్యాడు. చూడటానికి ఆయనొక్కడే పైకొచ్చినట్టుంటుంది గానీ, కింద ఎంత పని జరిగిందో వెస్ట్ సైడ్ వాళ్లకి తెలుసు.

ఇర్వింగ్ శ్రీను
పద్మక్కా, చాలా థాంక్స్. మీరు చెప్పింది చదివాక మా స్కూల్ లైబ్రరీలో చూసింది అర్థమైంది. కౌన్సిల్‌కి వెళ్లే ముందు రోజు వాళ్లు రిహార్సల్ పెట్టుకున్నారు. పిల్లలు కూర్చునే ఆ చిన్న కుర్చీల్లోనే ఒకావిడ మేయరుగా, ఇద్దరు కౌన్సిల్ మెంబర్లుగా కూర్చున్నారు. అందులో ఒకావిడ చెయ్యాల్సిన పనల్లా కావాలనే ఫోన్ చూసుకుంటూ ఉండటం, ఎందుకంటే అసలు మీటింగులో అలానే జరుగుతుందట. మాట్లాడాల్సిన ఆవిడ హోటల్ గదులు శుభ్రం చేసే పనిలో ఉంటారు. ఫోన్లో మూడు నిమిషాల టైమర్ పెట్టారు. మొదటిసారి టైమంతా నమస్కారాలకి, తన గురించి చెప్పుకోవడానికే అయిపోయింది. రెండోసారి కాగితం చూసి చదివితే, మేయరుగా కూర్చున్న ఆవిడ మధ్యలో ఆపి "అయితే మా నుంచి ఏం కావాలి?" అని అడిగింది. హాలంతా నవ్వులు. మూడోసారి నేరుగా సిగ్నల్ దగ్గర మొదలుపెట్టింది.

అసలు మీటింగయ్యాక పార్కింగ్ లాట్‌లోనే గుండ్రంగా నిలబడి ఎవరెలా చేశారో మొహమాటం లేకుండా చెప్పుకున్నారు. ఒకాయన మరీ ఎక్కువ మాట్లాడాడని ఆయన మొహం మీదే చెప్పారు. మన సంఘాల్లో ఇలా చెప్తే ఆ రాత్రికే కొత్త సంఘం పుడుతుంది.

బెజవాడ బాబాయ్
పుట్టడమే కాదు, వారం తిరక్కుండా దానికో బ్యానరు, ఇద్దరు ప్రెసిడెంట్లు కూడా 😀

లా పాయింట్
శ్రీను గారూ, వాళ్లకి ఇది చెప్పండి, ఉపయోగపడుతుంది. టెక్సస్‌లో 2019 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం అజెండాలో ఉన్న అంశం మీద మాట్లాడే హక్కు జనానికి ఉంది, అనువాదకుడి ద్వారా మాట్లాడేవాళ్లకి కనీసం రెట్టింపు టైమివ్వాలి. మూడు నిమిషాల రూలుంటే ఆరు నిమిషాలన్నమాట. హెడ్‌ఫోన్లు పెట్టి అప్పటికప్పుడు అనువదించే ఏర్పాటుంటే మాత్రం ఇది వర్తించదు. చాలా ఊళ్లలో క్లర్కు తనంతట తను చెప్పడు, అడగనిదే అమ్మైనా పెట్టదు. ఇంకోటి, అక్కడ మాట్లాడటానికి సిటిజన్ అయి ఉండనక్కర్లేదు.

పద్మ గారూ, 1977 సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ ఒక్కటి మర్చిపోకండి. 1975లో ఓటింగ్ హక్కుల చట్టాన్ని టెక్సస్‌కి, స్పానిష్ మాట్లాడేవాళ్లకి కూడా వర్తించేలా మార్చకపోతే న్యాయశాఖకి ఆ ఒత్తిడి తెచ్చే అధికారమే లేదు. ఎన్నికల పద్ధతి మార్చేముందు కేంద్రం అనుమతి తీసుకోవాలని అందులో ఉన్న నిబంధనకి 2013లో సుప్రీంకోర్టు ప్రాణం తీసేసింది. ఇప్పుడు ఏ ఊరికి ఆ ఊరే కేసు వేసుకోవాలి, లక్షల డాలర్ల ఖర్చు.

పాత కాగితాలు
ఇద్దరూ గెలిచినవాళ్ల కథలే చెప్తున్నారు, గెలిచి ఓడినవాళ్లది నేను చెప్తాను. టెక్సస్‌లో క్రిస్టల్ సిటీ అని పాలకూర పండించే ఊరు. సిటీ హాల్ దగ్గర పొపాయ్ (పాలకూర తిని బలం తెచ్చుకునే కార్టూన్ మనిషి) బొమ్మ కూడా ఉంది. జనంలో అత్యధికులు మెక్సికన్ అమెరికన్లే, పాలించేది మాత్రం గుప్పెడుమంది తెల్లవాళ్లు. అప్పట్లో ఓటెయ్యాలంటే 1.75 డాలర్ల పోల్ టాక్స్ కట్టాలి, పొలం కూలీకి అది చిన్న డబ్బు కాదు. 1963లో టీమ్‌స్టర్స్ అనే కార్మికుల యూనియన్ సాయంతో జనంతో ఆ టాక్స్ కట్టించి, కౌన్సిల్లో ఐదుకి ఐదు సీట్లూ గెలిచేశారు. దేశమంతా పేపర్లలో వచ్చింది. రెండేళ్లకే, 1965లో, అంతా పోయింది. గెలిచిన ఐదుగురికీ పరిపాలన తెలియదు, పైనుంచి ఒత్తిళ్లు, లోపల ఒకరంటే ఒకరికి పడదు, వెనక నిలబెట్టే సంస్థేమో బయటి ఊరిది.

మళ్లీ లేచింది బడి పిల్లల వల్ల. ఊరి పిల్లల్లో అత్యధికులు మెక్సికన్లు, చీర్‌లీడర్లలో మాత్రం వాళ్లకి ఒకటే సీటు. 1969 డిసెంబర్లో పిల్లలు క్లాసులు వదిలి బయటికొచ్చారు, వాళ్ల వెనక తల్లిదండ్రులొచ్చారు. 1970 వసంతానికి లా రాసా ఉనీదా అనే కొత్త పార్టీ స్కూల్ బోర్డులోనూ, కౌన్సిల్లోనూ సీట్లు గెలిచింది. ఈసారి స్కూల్ బోర్డు చేతిలో ఉంది కాబట్టి రెండు భాషల్లో చదువు, మెక్సికన్ అమెరికన్ టీచర్లు, ఇలా కంటికి కనపడే పనులు చేశారు. అదీ కొన్నేళ్ల తర్వాత ముఠాలుగా చీలిందనుకోండి. కానీ 63కీ 70కీ తేడా చూడండి. మొదటిసారి ఊరికి ఓట్లు మాత్రమే ఉన్నాయి, రెండోసారి ఆ ఓట్లని నడిపే మనుషులు ఉన్నారు.

మోరిస్‌విల్ మాధవి
టెక్సస్‌లో వాళ్లకి తరాల చరిత్ర ఉందండీ. చర్చిలు, 1929లో కార్పస్ క్రిస్టీలో పుట్టిన లులాక్ అనే లాటినో హక్కుల సంఘం, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల సంఘాలు, అన్నీ ఉన్నాయి. మా నార్త్ కరోలినా అలా కాదు. మాకు దగ్గర్లో సైలర్ సిటీ అని చిన్న ఊరు. తొంభైలలో కోళ్ల ప్రాసెసింగ్ ప్లాంట్లలో పనికి గ్వాటెమాలా, మెక్సికో వాళ్లు వచ్చారు. ఇప్పుడు ఊళ్లో దాదాపు సగం వాళ్లే. 2000లో తెల్లజాతి దురహంకార సంస్థ క్లాన్‌కి ఒకప్పటి నాయకుడు డేవిడ్ డ్యూక్‌ని పిలిపించి టౌన్ హాల్ ముందు వాళ్లకి వ్యతిరేకంగా సభ పెట్టారు, అంత వేడిగా ఉండేది. అలాంటిచోట నాయకుల్ని ఎక్కణ్ణుంచి తెస్తారు? 1995లో పుట్టిన ఎల్ వింకులో ఇస్పానో అనే చిన్న ఆఫీసే దిక్కు. అద్దె గొడవలు, జీతం ఎగ్గొట్టిన కేసులు, ఆసుపత్రి బిల్లులు, అన్నీ అక్కడికే. సాయం కోసం వచ్చినవాళ్లలోంచే కొందరు ఇంకొకరికి సాయం చెయ్యడం నేర్చుకున్నారు.

ఇంకోటి, అక్కడి హైస్కూల్ సాకర్ జట్టు. అమెరికన్ ఫుట్‌బాల్ తప్ప ఇంకోటి తెలియని ఊళ్లో, ఎక్కువగా లాటినో పిల్లలున్న జోర్డన్ మాథ్యూస్ జట్టు 2004లో రాష్ట్ర చాంపియన్ అయ్యింది. ఊరు వాళ్లని చూసే చూపు కొంత మారింది అంటారు. ఆ పిల్లల్లో చాలామంది చిన్నప్పటి నుంచే అమ్మానాన్నల తరఫున కరెంటు ఆఫీసులో, డాక్టరు దగ్గర ఇంగ్లిష్‌లో మాట్లాడుతూ పెరిగినవాళ్లు. పదేళ్ల పిల్ల ఇంటి ఓనర్‌తో బేరం ఆడుతుంటే జాలేస్తుంది, కానీ రేపు కౌన్సిల్లో కూర్చోగలిగేది అలాంటి పిల్లే.

వ్యాలీ డాక్టర్
మెకాలెన్ నుంచి, అంటే టెక్సస్ దక్షిణాన మెక్సికో సరిహద్దు పక్కనుండే వ్యాలీ. ఈ థ్రెడ్‌లో అందరూ "లాటినోలు" అని ఒక ముద్దగా మాట్లాడుతున్నారు, అక్కడే నాకు పేచీ. మా పక్కన స్టార్ కౌంటీలో నూటికి 97 మంది హిస్పానిక్‌లే. అధ్యక్ష ఎన్నికల్లో 1892 తర్వాత మళ్లీ 2024లోనే రిపబ్లికన్‌కి మెజారిటీ ఇచ్చింది. నా పేషెంట్లలో బోర్డర్ పెట్రోల్‌లో (సరిహద్దు కాపలా విభాగంలో) పనిచేసేవాళ్లున్నారు, వాళ్ల అత్తగారికేమో కాగితాలుండవు. ఒకే ఇంట్లో మూడు రకాల స్టేటస్, రెండు పార్టీలు. "లాటినో ఓటు మాది" అని ఎవరన్నా నేను నమ్మను.

అయితే పార్టీతో పని లేకుండా కలిసొచ్చే విషయాలున్నాయి. ఇక్కడ కొలోనియాలు ఉన్నాయి, అంటే ఊరి హద్దు బయట ప్లాట్లు వేసి, నీళ్లూ డ్రైనేజీ లేకుండా పేదలకి వాయిదాల మీద అమ్మేసిన బస్తీలు. టెక్సస్ మొత్తంలో రెండు వేల పైమాటే. వీధి దీపాలు కూడా ఉండవు. చలికాలం పొద్దున స్కూల్ బస్సు వచ్చే టైముకి చీకటి, పిల్లలు గుంతల రోడ్డు పక్కన సెల్‌ఫోన్ లైటేసుకుని నిలబడతారు. పొలం కూలీల నాయకులు సెసార్ చావెజ్, డోలొరెస్ వెర్తా మొదలుపెట్టిన లూపే అనే సంస్థ, ఇంకా అరైజ్ వాళ్లు దీపాల కోసం కౌంటీ చుట్టూ ఏళ్లపాటు తిరిగారు. ఎవరు ఏ పార్టీకి ఓటేస్తారో అక్కడెవరూ అడగలేదు. సభ్యులు ఏడాదికి కొంత చందా కట్టాలి, ఊరికే ఇవ్వరు. చందా కట్టిన మనిషి మీటింగులో గొంతు పెంచి అడుగుతాడు, నా కళ్లతో చూశాను.

ఇప్పుడున్న పెద్ద ఇబ్బంది భయం. ఇమిగ్రేషన్ వాళ్లు తిరుగుతున్నారని పుకారు వస్తే చాలు, క్లినిక్‌కే రారు, ఇక మీటింగుకేం వస్తారు. సిటిజన్‌షిప్ ఉన్న పిల్లలు కూడా అమ్మకి ఏమవుతుందోనని నోరెత్తరు. ఇలాంటి టైములో "గొంతెత్తండి" అని బయటివాళ్లు చెప్పడం తేలిక.

శాన్ ఆంటోనియో పద్మ
డాక్టర్ గారు చెప్పింది నిజం. ఇక్కడ ఆ భయం ఉన్నచోట పెద్ద సభలు మానేసి ఇంటి మీటింగులకి వెళ్లిపోతున్నారు, ఎనిమిది పదిమంది, అంతా తెలిసినవాళ్లే. ఇదేం కొత్త కాదు. 1947లో లాస్ ఏంజెలెస్‌లో ఎడ్వర్డ్ రోయ్‌బాల్ సిటీ కౌన్సిల్‌కి నిలబడి ఓడిపోయాడు. ఆయన మనుషులు, ఫ్రెడ్ రాస్ అనే ఆర్గనైజరు (జనాన్ని కూడగట్టి శిక్షణ ఇచ్చే మనిషి) కలిసి కమ్యూనిటీ సర్వీస్ ఆర్గనైజేషన్ పెట్టి, వేల సంఖ్యలో కొత్త ఓటర్లని రిజిస్టర్ చేయించారు. 1949లో అదే సీటు గెలిచాడు. 1881 తర్వాత ఆ కౌన్సిల్లో అడుగుపెట్టిన మొదటి లాటినో ఆయనే. తర్వాత రాస్ శాన్ హోసేలో ఇంటి మీటింగులు పెడుతూ తిరుగుతుంటే 1952లో తగిలిన కుర్రాడే చావెజ్. మొదట్లో ఆయనకి రాస్ మీద నమ్మకమే లేదట, వీడెవడో తెల్లోడు అధ్యయనం చెయ్యడానికి వచ్చాడనుకున్నాడు.

ఓటర్ల రిజిస్ట్రేషన్‌కి మా ఊరి విలీ వెలాస్కెస్‌ని కూడా తలుచుకోవాలి. ఆయన 1974లో పెట్టిన సంస్థ ఇప్పటికీ ఉంది. ఆయన పని చాలా నిదానం. ఏ కౌంటీలో ఎన్ని ఓట్లు, ఏ వీధిలో ఎవరు నమోదు కాలేదు, ఇవే లెక్కలు. 1988లో చిన్న వయసులోనే పోయాడు.

బెజవాడ బాబాయ్
అంతా బానే ఉంది గానీ మన సంగతేంటి? గ్రీన్ కార్డు లైన్లో ఉన్నవాళ్లకి ఓటు వచ్చేసరికి పిల్లలు ఓటేస్తుంటారు. అపార్ట్‌మెంట్ల గోడు మనదీ అదే కదా, ఆ సిగ్నల్ దగ్గర మన పిల్లలూ రోడ్డు దాటుతున్నారు. శ్రీను, వాళ్ల గ్రూపులో చేరచ్చుగా, విడిగా తెలుగు కమిటీ దేనికి?

ఇర్వింగ్ శ్రీను
చేరాను బాబాయ్. ఎచ్1బీ మీద ఉన్నా కౌన్సిల్లో మాట్లాడొచ్చని లా పాయింట్ గారు చెప్పారుగా. నా అడ్డంకి వేరే. మా కాంప్లెక్స్‌లో తెలుగువాళ్లని పిలిస్తే, ఒకాయన వాళ్లతో మనకెందుకు, మనం కట్టే అద్దె వేరు అన్నాడు. ఇంకొకాయన డబ్బిస్తాను, క్యాండిడేట్‌తో ఫోటో ఇప్పించు అన్నాడు.

లా పాయింట్
ఆ రెండో ఆయన్ని వెంటనే ఆపండి. సిటిజన్ గానీ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు గానీ కాకపోతే ఎన్నికల విరాళం ఇవ్వడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, సిటీ కౌన్సిల్ ఎన్నికైనా సరే. ఎచ్1బీ మీద ఉన్నవాళ్లు డాలరు కూడా ఇవ్వకూడదు. ఓటర్లని రిజిస్టర్ చేయించడానికి కూడా టెక్సస్‌లో కౌంటీ నుంచి సర్టిఫికెట్ తీసుకున్నవాళ్లే ఫారాలు సేకరించాలి, పైగా ఈ రాష్ట్రంలో ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ లేదు, ఎన్నికకి 30 రోజుల ముందే అయిపోవాలి. ఉత్సాహం మంచిదే, ఇమిగ్రేషన్ ఫైలు మీదకి తెచ్చుకోకండి.

కరీంనగర్ కుర్రోడు
ఒక డౌటు పద్మక్కా. గీ ట్రైనింగులు ఇచ్చెటోళ్లకి జీతం ఎవరిస్తరు? ఊరికే అయితే ఎవడూ చెయ్యడు గదా. గవర్నమెంట్ పైసలైతే రేపు గవర్నమెంట్ మీద ఎట్ల కొట్లాడుతరు?

శాన్ ఆంటోనియో పద్మ
ఈ థ్రెడ్‌లో అసలైన ప్రశ్న ఇదే. కాప్స్‌లో మనుషులు కాదు, చర్చిలు సభ్యులు. ఒక్కో చర్చి ఏటా చందా కడుతుంది, దాంతో ఆర్గనైజర్ జీతం. సిటీ గ్రాంటు తమ ఆఫీసు కోసం తీసుకోరు. 1992లో ప్రాజెక్ట్ క్వెస్ట్ అని ఉద్యోగ శిక్షణ మొదలుపెట్టించినప్పుడు కూడా దాన్ని విడిగా నడిపించారు, తాము మాత్రం బయట నిలబడి అడిగే స్థానంలోనే ఉన్నారు. ఆర్గనైజరు వేదికెక్కడు, మైకు పట్టడు. ఎవరైనా చెయ్యగలిగిన పని వాళ్ల బదులు తను చేశాడంటే, ఆ ఆర్గనైజర్‌కి పార్కింగ్ లాట్‌లో చీవాట్లే.

కష్టం ఎక్కడంటే, ఇప్పుడు చర్చిలు బలహీనపడ్డాయి, మాధవి చెప్పినట్టు కొత్త ఊళ్లలో అసలు లేనేలేవు. అక్కడ ఫౌండేషన్ డబ్బు మీద నడిచే గ్రూపులు గ్రాంటు అయిపోగానే మూతపడుతున్నాయి. దీనికి నా దగ్గర జవాబు లేదు. డాక్టర్ గారి దగ్గర లూపే చందా ఎలా వసూలు చేస్తారో వివరంగా ఉంటే రాయండి.

వ్యాలీ డాక్టర్
సోమవారం వాళ్ల మనిషి క్లినిక్‌కి వస్తారు, అడిగి రాస్తాను. శ్రీను, మీ సిగ్నల్ అజెండాలో ఎక్కిందా? ట్రాఫిక్ స్టడీ అని నెలల తరబడి నానుస్తారు, స్టడీ ఎప్పుడు పూర్తవుతుందో రాతపూర్వకంగా తేదీ తీసుకోండి.

ఇర్వింగ్ శ్రీను
ఇంకా ఎక్కలేదు. స్టడీ అనే అన్నారు 🙂 తేదీ అడగమని గ్రూపులో పెట్టాను.

మోడరేటర్
థ్రెడ్‌ని డాలస్ సెక్షన్‌కి మారుస్తున్నాను, లింకు ఇక్కడే ఉంటుంది. మేయర్ల కులాల గురించిన రెండు కామెంట్లు తీసేశాను. రాసినవాళ్లకి తెలుసు.